వంద యూరోల బేరం

పోయినవి ఇవి: లాబ్రడార్ కుక్కపిల్లకిచ్చిన మూడు వందల యూరోలు, దాని వైద్యానికి నాలుగు వందల ఇరవై, అయిదు రోజుల సెలవు, చివరికి ఆ పిల్ల. నేనొక్కణ్ణే ఉండే ఇంట్లో అది తొమ్మిది రోజులుంది.

ఐర్లండ్‌లోని ట్రాలీ ఊళ్లో కుక్కల డాక్టరు దగ్గర అది చనిపోయాక, ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటులోని ఐరిష్ పెద్దావిడ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"దాని తల్లిని చూశావా, నాయనా?"

"లేదండీ. అమ్మినవాడు కార్ పార్కులో తెచ్చిచ్చాడు. నాలుగొందలు చెప్పాడు. నేనే వంద తగ్గించాను."

"అడగ్గానే ఒప్పుకున్నాడా?"

"వెంటనే."

ఆమె బుట్టకేసి చూసింది.

"టీకాలకీ, తల్లి తిండికీ పైసా పెట్టి ఉండడు. జబ్బు బయటపడేలోగా వదిలించుకోవాలి. అందుకే అంత చవక. ఆ తల్లిచేత మళ్లీ పిల్లల్ని పెట్టిస్తాడు. గార్డులకి ఫోన్ చేస్తావుగా?"

ఇక్కడ గార్డులంటే పోలీసులే. వాళ్లకు చెబుతానని మాటిచ్చాను. ఆమె నా చెయ్యి ఒకసారి నొక్కి, తన స్టాపులో దిగిపోయింది.

ఫోన్ చేస్తే, ఎంతకు కొన్నావని పోలీసులు అడుగుతారు. బేరం కుదిరినందుకు ఆ రోజు నేనెంత మురిసిపోయానో చెప్పుకోవాలి. అమ్మినవాడి నంబరు ఇంకా నా దగ్గరే ఉంది. మూడేళ్లయింది. ఆ ఒక్క ఫోన్ ఇంకా బాకీ.