టౌన్‌హాల్ కప్పు మీద సగం గచ్చు

మా పట్నం టౌన్‌హాల్ నిజాం కాలంల కట్టింది. రాతి గోడలు, టేకు దూలాలు, పైన సున్నం గచ్చు. మొదట మున్సిపాలిటీ దఫ్తర్ దాంట్లనే నడిచింది. తరువాత దఫ్తర్ కొత్త బిల్డింగుకు పోయింది, హాలు మా అసొంటోళ్ల పెండ్లిండ్లకు మిగిలింది. నా పెండ్లి గూడ అందులనే అయింది. ఫంక్షన్ హాలు మాట్లాడుకునే తాకత్ మా వాడల ఎవ్వరికీ లేదు.

చిన్నప్పుడే బడి మానిపిచ్చి మా తల్లి నన్ను ఆ కప్పు ఎక్కిచ్చింది. గానుగ సున్నంల ఇటుక కంకర కలిపి పరుస్తరు. దాని మీద బెల్లం నీళ్లు చల్లుకుంట ఆడోళ్లు ఎదురెదురుగ కూసోని చెక్క కట్టెలతోని కొట్టాలె. గట్టిపడేదాక ఒక్క దినం గూడ ఆపొద్దు. నడుమల ఆపితే సున్నం సచ్చిపోతది.

పోయిన ఎండాకాలం మున్సిపాలిటీ సారు ఒకాయన మా వాడకు వచ్చిండు. "కప్పు కారుతున్నది. మీకు పాత పని ఎరుకనట. మీరు చేసినంక ఈ వానలకు కారకుంటే హాలు ఉంచుతం. కారితే కూలగొట్టుడే" అన్నడు.

పని తెలిసినోళ్లం ఇద్దరమే మిగిలినం, నేనూ నా జోడూ. పిల్లలప్పటి నుంచి నా ఎదురుంగ కూసోని కొట్టింది ఆమెనే. వాడ ఆడోళ్లను పోగు చేసి, కప్పంత పరిచి, కొట్టుడు షురూ చేసినం. ఒకామె బెల్లం నీళ్లల్ల వేలు ముంచి నాకింది.

"అది గచ్చుకు, నీ నాలుకకు గాదు" అన్న.

"గా నీళ్లు జరన్ని ఈమె నోట్ల పొయ్యుండ్రే, మాట తియ్యగైతది" అన్నది నా జోడు, నా దిక్కు చూపిచ్చి. అందరూ పడి పడి నవ్విండ్రు.

తెల్లారి ఆమె లేవలేదు. నిద్రలనే పోయింది.

మా వాడల పీనుగ లేచేదాక దంచుడు, కొట్టుడు, ఏ చప్పుడూ చెయ్యరు. ఆమె కొడుకేమో దుబాయిల ఉన్నడు. వాడు వచ్చేదాక ఆమెను ఐస్ పెట్టెల పెట్టిండ్రు. పైన కప్పు పచ్చిగున్నది.

"లేవుండ్రి, పనికి పోదాం" అన్న.

"శవం వాకిట్ల ఉండంగనా? నీది గుండెనా, బండనా?" అన్నది ఆమె కోడలు.

"మీ అత్త ఉంటే నా శవాన్ని పక్కకు పెట్టి కొడుతుండె."

ఎవ్వరూ కదల్లేదు. నేనొక్కదాన్నే ఎక్కిన. నీళ్లు నేనే చల్లుకున్న, నేనే కొట్టిన. ఎదురుంగ ఇంకో కట్టె పడకుంటే చెయ్యి తాళం మరుస్తది. గోడ పక్కకు ఒక పట్టీ గట్టిపడ్డది. ఆ తరువాత భుజం లేవలేదు. మిగిలిందంత నా కండ్ల ముంగటనే తెల్లబడి పర్రెలిచ్చి పగిలింది. కింద ఏడుపు ఆపి అందరూ నా చప్పుడే వింటున్నరని నాకు తెలుసు.

కొడుకు వచ్చిండు, దహనమైంది. దినాల భోజనానికి నన్ను పిలువలేదు.

ఆషాఢంల వాన పడ్డది. హాలు నడుమ బండల మీద నీళ్లు నిలిచినయి. సారు వచ్చి చూసి, కాయితం మీద రాసుకోని పోయిండు.

మొన్న జేసీబీ వచ్చింది. చూడపోయిన. నేను కొట్టిన పట్టీ ఒక్క ముక్కగ కింద పడ్డది, పగలలేదు. మిగిలింది పిండి లెక్క రాలింది. రెండింటినీ ఒక్క ట్రాక్టర్లనే నింపిండ్రు. వర్ని రోడ్డుకు ఎవరిదో ప్లాటు పల్లంల ఉన్నదట, అక్కడ పోస్తరట. నా జోడు కోడలు గూడ వచ్చి నా పక్కన నిలబడ్డది.