కరిగిన అంచు

మా వీధి చివర నేమ్‌ప్లేట్లు చేసే ప్రకాశరావు గారు మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొస్తూ కన్నుమూశారని తెలిసింది. దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

గుంటూరులో ఎందరో డాక్టర్ల గుమ్మాల మీద మెరిసే అక్రిలిక్ అక్షరాలు ఆయన హస్తకౌశలమే. “అంచు చూస్తే చేసినోడి మనసు తెలుద్ది,” అనేవారు.

మిర్చి యార్డులో బస్తాలు మోసే మా నాన్న ఇంట్లో నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ని. రిజల్ట్స్ వచ్చిన రోజు ముందు ఆయన కొట్టుకే పరుగెత్తాను.

“బాబాయ్! బీఎస్సీ ఫస్ట్ క్లాస్!”

“అబ్బో! ఇంక మీ గుమ్మానికీ బోర్డు కావాలి గదే!”

ఆ ఆనందంలోనే ఆయన్ని ఒకటి అడిగాను. మా అక్వేరియంలో రెండు ఫైటర్ చేపలు కొట్టుకు చస్తున్నాయి, మధ్యలో అడ్డుపలక కావాలి, నేనే కోసుకుంటానన్నాను. ఆయన పాలరంగు అక్రిలిక్ షీటు, విరిగిన హాక్సా బ్లేడును కొక్కెంలా సానపట్టిన పనిముట్టు చేతిలో పెట్టారు.

“స్కేలు పెట్టి ఒకే గీత మీద పదిసార్లు గియ్యి. బల్ల అంచున పెట్టి నొక్కితే పుటుక్కున విరుగుద్ది. మిషను జోలికి పోకమ్మా, వేడికి కరుగుద్ది.”

ఆ తుక్కుముక్కను చూసి నవ్వొచ్చింది. డిగ్రీ చదివినదాన్ని, గీసుకుంటూ కూర్చోవాలా? పక్కింటి వడ్రంగి కరెంటు రంపం తెచ్చాను. చెక్క కోసే ముతక బ్లేడు, పూర్తి స్పీడు. కోసినచోటల్లా కరిగి వెనకే అతుక్కుంది. విసుగొచ్చి లాగితే మూలకంటా పగిలింది.

“ఏమైందమ్మా?” అన్నాడు నాన్న.

“బాబాయ్ నాసిరకం షీటిచ్చాడు నాన్నా.”

నాన్న ఆ ముక్క తీసుకుని తిన్నగా కొట్టుకెళ్లాడు. వెనకే నేను.

“ఏందయ్యా ప్రకాశం, మా పిల్లకి ఇదా అంటగట్టేది? డిగ్రీ చదివింది, దానికి తెలీదా?”

ఆయన పగిలిన అంచు మీద బొటనవేలు రాశారు. కరిగి గడ్డకట్టిన పూసలు తగిలాయి. నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

“పాత షీటు అన్నా. పొరపాటు నాదే.”

బోర్డు చేయించుకోవడానికి వచ్చి కూర్చున్న ప్లీడరు గుమాస్తా, “మళ్లీ వస్తాంలెండి,” అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. బాబాయ్ మాత్రం ఆ కొక్కెంతోనే కొత్త పలక గీసి, విరిచి ఇచ్చారు. వారం తిరక్కుండా నా పేరు, పక్కన డిగ్రీతో మా గుమ్మానికి బోర్డు బిగించి వెళ్లారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడినా నేను నోరు విప్పలేదు.

నిన్న సమాధుల తోట నుంచి వచ్చాక నాన్నకు అంతా చెప్పాను. నాన్న లేచి వెళ్లి గుమ్మం మీది ఆ బోర్డు అంచున వేలు రాశాడు.

“నేనరిచిన చోట చెప్పాల్సిందమ్మా, పదిమందిలో.”

ఆ కొట్టుకిప్పుడు తాళం. అంత నున్నగా అంచు తీసే చెయ్యి మా ఊళ్లో మరొకటి లేదు. అందుకే ఈ నాలుగు మాటలు పదిమందీ చదివేచోట రాస్తున్నాను.

నువ్విచ్చిన షీటు మంచిదే, బాబాయ్.