తోరా కారు వెనక చక్రం

హొగ్నికి ముక్కు మీద కోపం. ఆ సంగతి చెప్పడానికి ఉత్తరాన చలి సముద్రంలో ఉన్న ఆ చిన్న దీవిలో ఎవరూ గొంతు తగ్గించుకోరు. ముప్పయ్యేళ్లుగా సముద్రపు ఒడ్డున అదే షెడ్డులో కార్లు బాగుచేస్తూ, ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టుల్ని తిడుతూ బతికిన మనిషి. అయితే ఆ మంగళవారం అతనికి ఒళ్లు మండింది బోల్టు మీద కాదు, త్రోందుర్ మీద.

త్రోందుర్ తన తల్లి తోరా కారు తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. వెనక తలుపు నుంచి బంపరు దాకా గీరుకుపోయి ఉంది. ఒక్క బండే పట్టే పాత సొరంగంలో, ఎదురొచ్చే కారుకు దారిద్దామని ఆవిడ గోడలో తొలిచిన పక్క సందులోకి తిప్పి బ్రేకు వేస్తే, వెనక భాగం జారి గోడకు రాసుకుంది. నెలలో ఇది రెండోసారి.

"రంగు వేసెయ్, అమ్మేస్తాను" అన్నాడు త్రోందుర్. "అమ్మకి ఎనభై ఒకటి దాటాయి. శుక్రవారం లైసెన్సు తిరిగి ఇచ్చేస్తానని ఒప్పుకుంది."

"ఒప్పుకుందా, ఒప్పించావా?"

"కారే పక్కకి లాగుతోందంటుంది హొగ్నీ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. కొట్టు దగ్గర జనం నవ్వుతున్నారు, పీతమ్మ వస్తోంది తప్పుకోండని."

"జనం నవ్వుతుంటే నువ్వు పక్కన నిలబడి విన్నావా? సిగ్గుండాలి! తాళాలు అక్కడ పడేసి పో ముందు."

హొగ్ని కోపానికి కారణం ఉంది. తోరా అతని తల్లికి చిన్ననాటి స్నేహితురాలు; అతను ఆవిడను పిన్నీ అనే పిలుస్తాడు. అతని చేత మొదట స్టీరింగు పట్టించింది ఆవిడే. ఇరవయ్యేళ్లు చేపల లారీ తోలిన చెయ్యి అది. ఇప్పుడు సొరంగం అవతల ఊళ్లో ఆవిడ చెల్లెలు ఉంది. ఆమెకు కళ్లు పోయాయి, నోరు మాత్రం పదిలంగా ఉంది. తోరా రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆమెకు పేపరు చదివి వినిపించి, కాఫీ తాగి, కడుపునిండా పోట్లాడి వస్తుంది. కారు పోతే ఆ పోట్లాట కూడా పోయినట్టే.

హొగ్ని గాలపు దారాన్ని కారుకు రెండు పక్కలా లాగి కట్టి, చక్రాల దగ్గర స్కేలు పెట్టి కొలిచాడు. ముందు చక్రాలు బాగానే ఉన్నాయి. వెనక కుడి చక్రం ముందు అంచు బయటికి తిరిగి ఉంది. టైరు లోపలి అంచు అరిగి నున్నబడింది.

"కళ్లూ కాదు, బుర్రా కాదు, చక్రం! ఈ వంకర చక్రంతో తడిరోడ్డు మీద ఎవడు తోలినా గోడకే పోతాడు!" అని ఖాళీ షెడ్డులో కేకలు పెట్టాడు.

ఆ చక్రాన్ని సరిచేసే బోల్టు, కుదుపుల్ని ఆపే రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఒకే ముద్ద అయిపోయింది. నూనె పోసి పూటంతా నానబెట్టాడు. స్పానరుకు గొట్టం తగిలించి వేలాడాడు. గ్యాసు మంట పెడితే రబ్బరు అంటుకుని నల్లటి పొగ వచ్చిందే తప్ప బోల్టు కదల్లేదు.

"ఏ దరిద్రుడురా దీన్ని ఇలా వదిలేసింది? కనపడితే చెయ్యి విరగ్గొడతాను!"

తిడుతూనే ఇనుప బ్రష్షుతో నట్టు మీది తుప్పు గీకాడు. కింద ఆకుపచ్చ చుక్క కనిపించింది. పని పూర్తయిన నట్టు మీద గుర్తుగా అతను పెట్టే చుక్క అది. పడవకు వేయగా మిగిలిన ఆ రంగు ఇంకే షెడ్డులోనూ లేదు.

కిందటి అక్టోబరులో ఇదే కారు చక్రాలు సరిచేయడానికి అతని షెడ్డుకే వచ్చింది. రోజుల తరబడి పట్టిన పొగమంచు ఒక ఉదయం విడిపోయింది. కొండమీది గొర్రెల్ని కిందికి తోలాలని కబురొచ్చింది. ఆ కబురొస్తే దీవిలో మగాడన్నవాడు చేతిలో పని చేతిలోనే వదిలి కొండెక్కుతాడు. అప్పుడూ ఈ బోల్టు కదల్లేదు. దాన్ని ఊడదీయడం పూట పని. హొగ్ని ముందు చక్రాల్ని కాస్త తిప్పి స్టీరింగు నిటారుగా కనిపించేలా చేశాడు. ఎవరడుగుతారులే అనుకుని చుక్క పెట్టి కొండకు పరుగెత్తాడు.

ఇప్పుడా కోపం ఎటు పోవాలి? త్రోందుర్‌ను తిట్టిన నోరే అది. హొగ్ని రంపం తీసి బోల్టును రెండు పక్కలా కోసేశాడు. కొత్త బుష్ ఎక్కించి, కొత్త బోల్టుకు గ్రీజు పట్టించి, కారును చక్రాల మీద నేలకు దించాకే బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది. మళ్లీ దారం కట్టి మూడుసార్లు కొలిచాడు. గురువారం సాయంత్రం కారు తోలుకుని తోరా ఇంటికి వెళ్లాడు.

తోరా వంటింటి బల్ల దగ్గర లైసెన్సు వాపసిచ్చే కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కనే కొడుకు.

"పిన్నీ, సంతకం పెట్టకు. తప్పు నీది కాదు, నాది" అని నిలబడే అంతా చెప్పాడు.

తోరా కాగితం మీంచి చెయ్యి తీసింది.

"మొదటిసారి గోడకి రాసుకున్న దగ్గర్నుంచి, మూడు వారాలురా" అంది. "లేవగానే నాతో చదివిన పిల్లల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాను. ఇరవై రెండు. ఒక్క పేరు తట్టకపోతే చాలు, చెమటలు పట్టేవి. బుర్ర పోతోందనుకున్నాను. నువ్వేమో గొర్రెల వెనకాల పోయావు."

"తిట్టు పిన్నీ."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను. రేపు పదింటికి కొట్టుకెళ్లి, నవ్విన వాళ్లందరి ముందూ ఇదే చెప్పు." కాగితాన్ని రెండుగా చించి కొడుకు వైపు తిరిగింది. "నువ్వూ వెళ్లి విను."

మర్నాడు కొట్టు నిండా జనం. హొగ్ని బ్రెడ్డు అర పక్కన నిలబడి చెప్పాడు. బోల్టు సంగతి, గొర్రెల సంగతి, చుక్క సంగతి, ఏదీ దాచలేదు. ఎవరూ నవ్వలేదు. త్రోందుర్ తల దించుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని హొగ్ని టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

డబ్బుల బల్ల వెనక కూర్చున్న బార్బా పాల డబ్బా పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసింది.

"గొర్రెలు తోలిన రోజు నా కారు కూడా నీ షెడ్డులోనే ఉంది, హొగ్నీ. రోజూ నా ముగ్గురు పిల్లలూ అందులోనే బడికెళ్తారు."

హొగ్ని ఆ రోజును తలుచుకున్నాడు. ఆ ఉదయం తన చేతిలో ఎన్ని కార్లున్నాయో, ఏ నట్టు మీద చుక్క ఎలా పెట్టాడో ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

"తాళాలియ్యి బార్బా. ఇప్పుడే చూస్తాను" అని చెయ్యి చాపాడు.

బార్బా తాళాలు తీసి, గుప్పిట్లో బిగించింది.

"నీకా?" అంది.