రత్నక్క ఆపించిన మాత్ర

తార్నాకలోని రక్తపరీక్షల కేంద్రంలో ఈ ఉదయం మోచేతి మడతలో స్పిరిట్ దూది చల్లగా తగలగానే రత్నక్క గుర్తొచ్చింది. నేను యూనివర్సిటీలో పరిశోధన చేసే రోజుల్లో ఆమె మా క్యాంపస్ ఆరోగ్యకేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. గుంటూరు వైపు నుంచి వచ్చి లాలాగూడలో స్థిరపడిన మనిషి. నవ్వు తక్కువ, పట్టు ఎక్కువ.

నాకప్పుడు థైరాయిడ్ అతిగా పనిచేసేది. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. దాన్ని అదుపు చేసే మాత్రలు రాసిన డాక్టరమ్మ నెలనెలా రక్తపరీక్ష చేయించుకోమంది. రెండో నెలకే దడ తగ్గింది, పరీక్ష ఎగ్గొట్టాను. రత్నక్క నేరుగా మా డిపార్ట్‌మెంట్‌కే వచ్చేసింది.

“మంచిగనే ఉన్న అక్కా,” అన్నాను.

“బాగున్నట్టు అనిపించడం వేరమ్మా, బాగుండటం వేరు. చెయ్యి చాపు.”

థైరాయిడ్ ఇప్పుడు అవసరంకన్నా తక్కువ పనిచేస్తోందని తేలింది. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. అయినా నాకు రత్నక్క మీద చిరాకే మిగిలింది.

మూడు వారాల తర్వాత, నా సెమినార్‌కు ముందురోజు, గొంతు మండిపోతూ జ్వరం వచ్చింది. జ్వరం బిళ్ల కోసం ఆరోగ్యకేంద్రానికి వెళ్తే వరండాలో రత్నక్క ఎదురైంది. బొంగురుపోయిన నా గొంతు వినగానే ఆగిపోయింది.

“పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్నావా?”

“ఏసుకున్న. జలుబే అక్కా. రేపు సెమినార్ అయినంక చూపిస్త.”

“ఇంకొకటి వేసుకోకు. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పలేదూ?”

చెప్పింది. నేనే మరిచిపోయాను. అరుదుగా కొందరిలో ఆ మందు, రోగాలతో పోరాడే తెల్లకణాలనే తుడిచిపెట్టేస్తుంది.

రక్తం తీసుకుని లోపలికి వెళ్లింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. గుటక వేస్తే ముళ్లు దిగినట్టుండేది. తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. చివరికి బయటికొచ్చిన ఆమె ముఖం పాలిపోయి ఉంది.

“తెల్లకణాలు బాగా పడిపోయాయి. రెండుసార్లు చూశాను. లే, పెద్దాసుపత్రికి వెళ్దాం. డాక్టరమ్మ అక్కడివాళ్లకు ఫోన్ చేస్తోంది.”

ఆటోలో నా మణికట్టు వదల్లేదు. ఆసుపత్రిలో విడిగా ఒక గది, ఒకదాని వెనుక ఒకటి ఇంజెక్షన్లు. నాలుగు రోజులు కణాలు పెరగనేలేదు. రత్నక్క రోజూ డ్యూటీ దిగి వచ్చి, గాజు తలుపు బయట నిలబడి రిపోర్టు అడిగేది. ఐదో రోజు అవి పెరగడం మొదలుపెట్టాయి. ఆ మందు నాకు మళ్లీ ఇవ్వలేదు. వేరే చికిత్స చేశారు.

వాయిదా పడిన సెమినార్ జరిగిన రోజున రత్నక్క వచ్చి చివరి వరుసలో కూర్చుంది. ఒక్క ముక్కా అర్థం కాలేదని తర్వాత ఒప్పుకుంది. “గంటసేపు నిలబడగలవో లేదో చూద్దామని వచ్చాను,” అంది.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. నా గది గుమ్మంలో తచ్చాడిన పిల్ల ఎవరైనా “ఏం లేదు మేడమ్” అని వెనుదిరగబోతే, కుర్చీ జరిపి కూర్చోమంటాను.