నాలుగో మడి మొలిచింది

పశుగ్రాస పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒకటే. బర్సీం మడుల్లో గొంతుక్కూర్చుని, ఆ మూడాకుల మేత మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయో, ఎన్ని పిలకలు వేశాయో స్కేలుతో కొలిచి రాయడం. చదివింది ఏడో తరగతే అయినా ఆమె అంకెలకు వంక పెట్టినవాళ్లు లేరు.

కొత్తగా వచ్చిన ఆఫీసరుకు నాలుగో మడి కంట్లో నలుసైంది. అందులో వేసింది కొత్త రకం. పక్క మడులు మోకాలెత్తున ఊగుతుంటే, అది నలభై రోజులకు కూడా జానెడు లేవలేదు.

"పైవాళ్లు చూడ్డానికొస్తున్నారు. దీన్ని దున్నించేద్దాం. మొలవలేదని రాసెయ్యండి" అన్నాడు.

"మొలిచిందిగా సార్! ఎలా రాయను?"

"మీరు కాకపోతే ఇంకొకళ్లు రాస్తారు."

"రాసుకోనివ్వండి. నా చేత్తో మాత్రం రాయను."

అంతటితో ఊరుకోలేదామె. ఓ మొక్కను జాగ్రత్తగా పెళ్లగించి, కడిగి, తీసుకెళ్లి ఆయన ఫైళ్ల మీదే పెట్టింది. పైన బెత్తెడు ఆకు, కింద మూరెడు వేరు, వేరు నిండా మొక్కకు బలమిచ్చే గులాబిరంగు బుడిపెలు.

"చచ్చేదానిలా ఉందా సార్ ఇది?"

మర్నాడే ఆమెను పశువుల పాకలో పేడ ఎత్తే పనికి మార్చారు. కొలతల కాగితంలో నాలుగో మడి మొలవలేదని ఇంకొకళ్ల చేత రాయించారు. ఇంట్లో భర్త నెత్తి కొట్టుకున్నాడు.

"గడ్డి కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావుటే?"

"గడ్డి కోసమా? ఇవాళ ఒక్క అబద్ధం రాస్తే, ఇన్నేళ్లూ రాసింది ఎవరు నమ్ముతారు?"

రెండ్రోజులకు ట్రాక్టరు వచ్చింది. ఆమె పేడ చేతులతోనే పరుగెత్తి వెళ్లి మడిలో నిలబడింది.

"తప్పుకో అక్కా, మాట నా మీదికొస్తుంది" అన్నాడు డ్రైవరు.

"రాదు తమ్ముడూ. మనిషి అడ్డంగా ఉందని చెప్పు."

అతను ఇంజను ఆపేసి నీడకు పోయాడు. ఆఫీసరు గొంతు చించుకున్నాడు. ఆమె కదల్లేదు. ఈలోగా పైవాళ్ల కార్లు గేటు దాటాయి. నలుగురిలో రభస ఎందుకని ఆయన ట్రాక్టరును వెనక్కి పంపించాడు.

ఎండలు ముదిరాయి. నాలుగు కోతలిచ్చి మిగతా మడులు పూతకొచ్చి ఎండిపోయాయి. నాలుగో మడి మాత్రం కోసిన ప్రతిసారీ మొదట్లోంచి చిగుర్లు తోసుకొచ్చి, ఇంకో రెండు కోతలిచ్చింది. ఆ రోజు దాన్ని చూసి వెళ్లిన పైవాళ్ల నుంచి, దాని వివరాలు కావాలంటూ ఉత్తరం వచ్చింది. ఆఫీసరు పాక దాకా నడిచొచ్చాడు.

"రేపట్నుంచి మళ్లీ కొలతలకు రండి."

"వస్తాను. ముందు ఆ కాగితంలో మొలవలేదన్న మాట కొట్టేసి, పక్కన మీరు సంతకం పెట్టండి."

పదిహేను రోజులు ఆయన పెట్టలేదు. పదిహేను రోజులూ ఆమె పేడ ఎత్తింది. పదహారో రోజు సంతకమైంది. ఆ తర్వాత ఆయన ఆమెను పలకరించలేదు. ఆమె కూడా పలకరించలేదు.