ఫ్లాపీకి ఐదు సీళ్లు

మా ఆఫీసుకు బోర్డు ఉండేది కాదు. అడవిలోని అన్నల మీద, అంటే నక్సలైట్ల మీద, పోలీసులకు రహస్య నివేదికలు తయారుచేసే చోటు కాబట్టి ఉండకూడదట. జగిత్యాల బస్టాండులో దిగి ఏ రిక్షా అతన్ని అడిగినా "ఆ, గా సీక్రెట్ ఆఫీసా?" అని తిన్నగా మా గేటు ముందు దింపేవాడు. అక్కడ నేను టైపిస్టుని. అన్నలు ఏ ఊరికి వచ్చారు, ఎవరింట్లో తిన్నారు అంటూ కోరుట్ల నుంచీ సిరిసిల్ల నుంచీ వచ్చే చీటీలను నివేదికలుగా కొట్టి కరీంనగర్‌లోని పెద్దాఫీసుకు పంపడం నా పని.

ఒకనాడు కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు, నివేదిక రాసి తాళం వేసే ప్రోగ్రాం ఒకటి. పాస్‌వర్డ్ కొట్టందే ఎవరూ చదవలేరు. రాసింది ఫ్లాపీలోకి ఎక్కించి మిషన్‌లోంచి చెరిపేయాలి, చీటీని కాల్చేయాలి. ఇంత భద్రత చూసి మా ఆఫీసు పెద్ద, మేం సారు అని పిలిచే ఆయన, పొంగిపోయాడు. "ఎవ్వనికి తెల్వని పాస్‌వర్డ్ పెట్టు" అన్నాడు. పెట్టాను. మర్నాటికి తనే మరిచిపోయి, గోడమీది క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాయించాడు. చాయ్ తెచ్చేవాడు కూడా చదువుకునేవాడు.

ఆ వారమే కోరుట్ల దర్జీ బిడ్డ కాగితం నా చేతికొచ్చింది. ఆ అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది. చేరాలంటే ఆ ఇంటి నడవడిక బాగుందని మా ఆఫీసు నుంచి నివేదిక వెళ్లాలి. సోమవారంలోగా వెళ్లకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. దర్జీ రోజూ బస్సెక్కి వచ్చి మా వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. నేను కనపడితే చాలు, లేచి నిలబడి "సారూ, మా బిడ్డ కాయితం పోయిందా?" అనేవాడు.

చీటీలో ఉన్నది ఇంతే: కథలాపూర్ వైపు నుంచి ఎవరో వచ్చి ఆయన చేత అన్నలు వేసుకునేలాంటి నాలుగు జతల ఆకుపచ్చ బట్టలు కుట్టించుకుపోయారు. ఓరి దేవుడా, దర్జీ బట్టలు కుట్టక బాంబులు కుడతాడా! మా సారు ఖాకీ ప్యాంటు నడుము రెండుసార్లు వదులు చేసిందీ ఆయనే. అయినా సారు చెప్పాడు, నేను కొట్టాను: "తండ్రికి తీవ్రవాదులతో సంబంధాలున్నవి. ఉద్యోగం ఇవ్వదగదు." నామీద నాకే అసహ్యం వేసింది. కానీ నెలజీతగాణ్ని. తాళం వేసి, మిషన్‌లోంచి చెరిపేసి, ఫ్లాపీని చాచాకు ఇచ్చాను.

చాచా ముప్పై ఏళ్లుగా మా ఆఫీసు కవర్లకు లక్క సీళ్లు వేస్తున్న మనిషి. ఆయన లెక్కలో రహస్యమంటే ఐదు సీళ్లు. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన ఒకటి. ఫ్లాపీని కవర్లో పెట్టి, లక్క సలసలా కరిగించి పోసి, లేచి నిలబడి ఒంటిబరువంతా వేసి ఇత్తడి ముద్ర నొక్కాడు.

"చాచా, లోపల ఫ్లాపీ ఉన్నది, పైలం" అన్నాను.

"ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న బేటా. లక్క లేనిది రహస్యమెట్లయితది?"

శనివారం మధ్యాహ్నం కరీంనగర్ నుంచి కవరు తిరిగొచ్చింది. తెచ్చిన కానిస్టేబుల్‌కు నవ్వు ఆగడం లేదు. "గిది రిపోర్టా, అప్పడమా అని అడుగుతున్రు. మిషన్‌ల పెడితె ఇరుక్కున్నదట, పటకారుతోని గుంజిన్రు" అన్నాడు. ఫ్లాపీ మధ్యలో కరిగి వంకర పోయింది. చాచా కవరును అటూ ఇటూ తిప్పిచూసి, "సీలు మాత్రం చెక్కుచెదరలే" అన్నాడు గర్వంగా.

సారు ఒంటికాలి మీద లేచాడు. మిషన్‌లో నివేదిక లేదు, చీటీ ఎప్పుడో బూడిదైంది. తిట్టి తిట్టి అలిసిపోయి నా వైపు తిరిగాడు.

"పాత టైపు మిషన్ మీదనే కొట్టుకరా, జల్ది. మొన్న ఏం రాసినమో యాదికున్నదా?"

"ఉన్నది సార్."

దుమ్ము దులిపి కూర్చున్నాను. దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు, నామీద కూడా ఒక చీటీ పుడుతుంది. కిటికీలోంచి చూస్తే దర్జీ బెంచీ మీదే ఉన్నాడు. ఒళ్లో సద్దిడబ్బా, ఇంకా మూత తీయలేదు. ఇక ఏదైతే అదవుతుందని కొట్టేశాను: "తండ్రి కష్టజీవి. తీవ్రవాదులతో ఎలాంటి సంబంధాలు లేవు. ఉద్యోగం ఇచ్చుటకు ఆక్షేపణ లేదు."

సారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో మాటా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"మొన్న గిట్లనే రాసినమా?"

"గిట్లనే సార్."

పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు. కాగితాన్ని నా వైపు తోస్తూ, తలెత్తకుండానే అన్నాడు:

"మొన్నటి దానికంటె గిదే మంచిగున్నది. జల్ది పంపు."