మైపాడు నుంచి నెల్లూరంత దూరం, మద్రాసు రోడ్డు మీద

నా రాత బాగుండదు. వల అల్లిన వేళ్లు, కలానికి వంగవు. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పి ఉంటే మన్నించండి. మా కూతురు రూతు తన ప్రయాణాల బ్లాగులో ఇది టైపు చేసి పెడతానంది. తప్పులు దిద్దుతావా అంటే, "కొన్ని దిద్దుతా నాయనా. అన్నీ దిద్దితే నువ్వు రాసినట్టుండదు" అంది. మద్రాసు హాఫ్ మారథాన్‌కు పోవాలనుకునే నా వయసువాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

హాఫ్ మారథాన్ అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు. మా మైపాడు నుంచి నెల్లూరు చేపల మార్కెట్టుకు ఇంచుమించు అంతే. నా భార్య శాంతమ్మ ఆ దారిన చేపల బుట్టతో నడిచేది. బుట్టలోంచి నీళ్లు కారుతున్నాయని బస్సువాళ్లు ఎక్కించుకోని రోజులు చాలా ఉండేవి. ఆ వేళకు నేను సముద్రం మీద ఉండేవాణ్ణి. నిండు బుట్టను ఎవరూ తమంతట తాము తలకెత్తుకోలేరు. దించితే, మళ్లీ ఎత్తడానికి ఇంకొక మనిషి కావాలి. అందుకని మా ఆడవాళ్లు మనిషి కనపడని చోట బుట్ట దించరు. మెడ ఎంత లాగినా నడుస్తూనే ఉంటారు. రాత్రి అన్నం పెడుతూ, "ఈ పొద్దు కాలవ కట్ట కాడ ఎవురో పెద్దాయన ఎత్తినాడు" అని చెప్పేది. ఒక్కోసారి, "దోవ పొడుగునా ఒక్కరూ లేరు, దించకుండానే పోయినా" అనేది. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఆ దూరం ఎంతో ఒక్కసారి నా కాళ్లతో తెలుసుకోవాలనిపించింది.

"మన దోవలోనే నడవొచ్చు గదా నాయనా" అంది రూతు.

"ప్రతి అంగడి కాడా యాడికి పోతుండావు అంటారు. ఏమని చెప్పేది?"

"మద్రాసులో అడగరా?"

"ఆడ నేనెవురో తెలీదు గదా."

రూతు ఫోనులోనే పేరు నమోదు చేసింది. రుసుము వెయ్యి దాటింది. "ఆదివారం పూట పందెం. పాస్టరు గారు అడిగితే ఏం చెప్పేది?" అంది. నడుస్తూ ప్రార్థన చేసుకుంటాడని చెప్పమన్నాను. డాక్టరు సరేనన్నాక ఆరు నెలలు తెల్లవారుజామున సాధన చేశాను. ముందు తడి ఇసుక మీద, తర్వాత తారు రోడ్డు మీద.

శనివారం పొద్దున మైపాడులో బస్సెక్కితే గంటలో నెల్లూరు. అక్కడి నుంచి రైలులో మద్రాసు సెంట్రల్‌కు మూడు గంటలు. జనరల్ టిక్కెట్టు వందలోపే. చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం ముందు రోజే, ఆధార్ చూపించి తీసుకోవాలి. ట్రిప్లికేన్‌లో లాడ్జి గది పన్నెండు వందలు. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు రూతూ నేనూ ఆటో ఎక్కాం. డ్రైవరుకు తెలుగు వచ్చు, అత్తగారిది గూడూరట.

"గెలిస్తే ఏమిస్తారు పెద్దాయనా?"

"మెడలో వేసే బిళ్ల ఇస్తారంట. అందరికీ."

"అందరికీ ఇచ్చే బిళ్లకు ఇంత పొద్దున్నే లేవాల్నా?" అన్నాడు. రూతు ఒకటే నవ్వు.

ఐదున్నరకు వదిలారు. మూడున్నర గంటల్లో చేరాలి. వెనకబడినవాళ్లను వెనక వచ్చే వ్యానులో ఎక్కిస్తారు. నా భయమంతా అదే. వ్యానెక్కితే నేను వచ్చిన పని కానట్టే. సగం దాకా కొంత పరుగు, కొంత నడకగా బాగానే పోయాను. ఎండ ఎక్కింది. చేపలమ్మే ఆడవాళ్లు వరసగా కూర్చునే సముద్రపు రోడ్డు వచ్చేసరికి మోకాలు పట్టేసింది. కూర్చోకూడదని తెలుసు. అయినా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. లేవబోతే కాళ్లు రాలేదు. అంతలో వ్యాను వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు తలుపు తీసి, ఎక్కమని చెయ్యి ఊపాడు. ఎక్కేద్దామనే అనుకున్నాను.

అప్పుడు ఒకామె నా ముందుకు వచ్చింది. ఆమె చేపల తట్ట నేల మీద ఉంది. తలకెత్తమని అరవంలో అడిగింది. మాది సరిహద్దుకు దగ్గర కనుక అరవం కాస్త అర్థమవుతుంది. ఆయనకు ఒంట్లో బాగాలేదు, ఇంకెవర్నైనా అడగమన్నాడు వ్యాను డ్రైవరు.

"అందరూ పరిగెత్తుతుంటే ఎవర్ని అడిగేది? కూర్చున్నది ఈయనొక్కడే" అంది ఆమె.

ఎలా లేచానో తెలియదు. తట్ట అంచు రెండు చేతులా పట్టి, ఆమెతో కలిసి ఎత్తాను. నిండు తట్ట. ఆమె దాన్ని తల మీది గుడ్డచుట్టలో సర్దుకుని, ఒక చెయ్యి ఆనించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. లేచే ఉన్నాను కనుక నడిచాను. వ్యాను డ్రైవరు నవ్వి తలుపు వేసుకున్నాడు.

గడువుకు కాస్త ముందే చేరాను. రూతు మజ్జిగ చేతికిచ్చి, "అమ్మ ఉంటే ఏమనేదో" అంది.

"వట్టి చేతులతోనా నడిచింది అనేది" అన్నాను.

దూరం తెలిసింది. బండ్లు ఆపిన రోడ్డు, అడుగడుగునా నీళ్లిచ్చే మనుషులు, తల మీద ఏమీ లేదు. అయినా చేరాక నీడన పడుకున్నాను. శాంతమ్మకు మార్కెట్టుకు చేరాకే అమ్మకం మొదలు. ఇప్పుడు నా మనసులో ఒక్కటే ఉంది. ఏదో ఒక పొద్దున ఆ కాలవ కట్ట మీద నేను నిలబడి ఉండాల్సింది. ఆమె వచ్చి బుట్ట దించుకుంటే, మళ్లీ ఎత్తేవాణ్ణి.

పోయేవాళ్లకు ఒక మాట. పందెం రోజు ఆ రోడ్లు మూసేస్తారు, బస్సులు రావు. ముందు రోజు సాయంత్రమే ఆటో మాట్లాడుకోండి.

మైపాడు–నెల్లూరు దారిలో మీ పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి. శాంతమ్మ పొడుగాటి మనిషి, ఎడమ చెయ్యి బుట్టకు ఆనించి, సన్నగా కీర్తన పాడుకుంటూ పోయేది. ఆమెకు బుట్ట ఎత్తినవాళ్లుంటే నాకు తెలియాలి. వాళ్లూ పెద్దవాళ్లే అయి ఉంటారు, నేనూ పెద్దవాణ్ణే. తొందరగా జవాబు రాయండి.